రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య

ఫోను మోగేసరికి లిఫ్టు మేస్త్రి మోకాళ్ల మీద ఉన్నాడు.

చుట్టూ నలభై మంది. పొద్దున పదకొండింటి నుంచి ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ముందు వరసలో అతని భార్య గొంతు చించుకుని ప్రార్థిస్తోంది.

“ప్రభువా, ఆ బలవంతుడి చెయ్యి ఆపు! ఆ కుర్చీ మీంచి కిందికి దించు! ఐదింటిదాకా ఆ కలం కదలనివ్వకు తండ్రీ!”

“ఆమెన్!” అంది ప్రార్థన హాలంతా.

మేస్త్రి జేబులో చెయ్యి పెట్టి ఫోను నొక్కేయబోయాడు. పేరు చూసి ఆగాడు. నగరపాలక కార్యాలయం అటెండరు. ఆ ముసలాయన ఊరికే ఫోను చేసే రకం కాదు.

“మేస్త్రీ, కొంప మునిగింది. లిఫ్టు ఆగిపోయింది. రెండుకీ మూడుకీ మధ్య. లోపల సారున్నారు.”

“ఏ సారు?”

“మనకెంతమంది సార్లున్నారయ్యా? కమిషనర్ సారు! ఒక్కరే ఉన్నారు. నాలుగూ ఐదుకి ఎక్కారు, ఇంకా దిగలేదు.”

“కమిషనర్ లిఫ్టులో ఇరుక్కున్నాడా?”

ఆ మాట పైకి అనకుండా ఉండాల్సింది. అనేశాడు.

హాలంతా వింది. ఆ వెంటనే కప్పు ఎగిరిపోయేలా “స్తోత్రం! హల్లెలూయా!” కీళ్లనొప్పులతో కుర్చీలోంచి లేవని లెక్కల మాస్టారు సైతం లేచి చప్పట్లు కొట్టాడు.

వాళ్ల ఆనందానికి కారణం ఉంది. వడ్రంగి షాపు వెనక రెండు గదులు కలిపి కట్టుకున్న హాలు అది. పందొమ్మిదేళ్లుగా ఎవరికీ అడ్డు రాలేదు. పక్కన షాపింగ్ కాంప్లెక్సు లేచాక దానికి పార్కింగు స్థలం కావాల్సి వచ్చింది. అంతే, ఇన్నేళ్లు కనపడని లోపం కమిషనర్ కంటికి కనపడింది. ఈ గదుల్లో ప్రార్థన జరుపుకోవడానికి అనుమతి కాగితం లేదట. విచారణ ముగిసింది. మూసివేత ఉత్తర్వు టైపయి అతని బల్ల మీద ఉంది. సంతకమే తరువాయి.

అయితే అతనికి బదిలీ అయింది. ఈ సాయంత్రం ఐదింటికి కుర్చీ దిగిపోతాడు. ఆలోగా సంతకం పడితే రేపు పదింటికి హాలుకు తాళం. పడకపోతే కొత్తాయన దగ్గర కథ మళ్లీ మొదటికొస్తుంది, ఏళ్లు పడుతుంది. విచారణ రోజున మేస్త్రితో సహా సంఘపెద్దలందరినీ రెండు గంటలు నిలబెట్టి కమిషనర్ ఒకే మాటన్నాడు. “నా సంతకం లేకుండా ఈ ఊళ్లో ఆకు కూడా కదలదు.”

ఇప్పుడు అతనే కదల్లేకుండా ఉన్నాడు. హాలంతా నవ్వుతోంది, ఏడుస్తోంది. మేస్త్రి ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

లిఫ్టును ఆపింది ఏ దేవదూతా కాదు. మూడో అంతస్తు తలుపు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

ఈరోజు నెలవారీ సర్వీసు. ప్రతి అంతస్తులోనూ తలుపు తాళం పక్కన చిన్న రాగి కాంటాక్టు ఉంటుంది. తలుపు మూసుకున్నాక అది గట్టిగా కలిస్తేనే లిఫ్టు నడుస్తుంది. మసి పడితే గీకి శుభ్రం చెయ్యాలి. లేకపోతే కేబిన్ దగ్గరికొచ్చినప్పుడు ఆ అదురుకు వదిలేస్తుంది. రెప్పపాటు వదిలినా చాలు, కరెంటు తెగి బ్రేకు పడిపోతుంది. మూడో అంతస్తుది నల్లబడుతోందని పోయిన నెలే చూశాడు. ఈ పొద్దున కింది తలుపులు చేసేసరికి పదిన్నర దాటింది. పదకొండింటికి ఉపవాస ప్రార్థన. మిగతావి రేపు చూద్దాంలే అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు. రిజిస్టరులో ‘అన్నీ సరిచూశాను’ అని రాసి సంతకం పెట్టి వచ్చాడు.

కమిషనర్ చేతిని ఆపమని దేవుణ్ణి అడగడానికి తన చేతిలో పని ఆపి వచ్చాడు.

లేచి తలుపు వైపు నడిచాడు. భార్య అడ్డం వచ్చింది.

“ఏమండీ, ఎక్కడికి?”

“లోపల మనిషున్నాడే.”

“ఉండనివ్వండి. మనమేమన్నా పెట్టామా అతన్ని లోపల?”

మేస్త్రి చెయ్యి చాచాడు. స్కూటరు తాళం ఆమె చేతిసంచిలో ఉంది. ఆమె సంచి జిప్పు మీద చెయ్యి వేసి నిలబడింది.

“నడిచి వెళ్లు బ్రదర్, ఒంటికి మంచిది,” అన్నాడు లెక్కల మాస్టారు. హాలు గొల్లుమంది.

పాస్టరుగారు నవ్వలేదు. సంఘంలో అందరూ ఆయన్ని అయ్యగారనే పిలుస్తారు. “తాళం ఇచ్చెయ్యమ్మా,” అన్నాడాయన. “అతని పని అతన్ని చేసుకోనీ.”

ఆమె తాళం తీసి భర్తకివ్వలేదు. తమ్ముడి మీదికి విసిరింది. “ఒరేయ్, నువ్వూ వెళ్లు. మీ బావ కంగారులో ఏదో ఒకటి చేసేస్తాడు. చూసుకో.”

ఏం చూసుకోమందో తమ్ముడికి బాగానే అర్థమైంది. ఆరేళ్లుగా మేస్త్రికి అసిస్టెంటు అతను. పని తక్కువ, మాటలెక్కువ. స్కూటరు తనే తోలాడు.

“ఇది స్కూటరా, ఎద్దుబండా?” అన్నాడు మేస్త్రి వెనక కూర్చుని.

“సిగ్నల్ పడింది బావా.”

“పచ్చ సిగ్నలురా అది!”

నాలుగూ ఇరవై రెండు. నగరపాలక కార్యాలయం గుమ్మంలో అటెండరు చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు.

“టీవీ ఆగితే ఆపి వేస్తాం కదా, అలాగే మెయిన్ స్విచ్చి ఆపి మళ్లీ వేశాను మేస్త్రీ. టప్పుమంది. లోపల లైటూ ఫ్యానూ కూడా పోయాయి.”

“ఎవరు చెప్పారు బాబాయ్ నీకు వెయ్యమని? బ్యాటరీ లైటు వెలగలేదా?”

“కొత్త బ్యాటరీ కావాలని నువ్వు రాసిచ్చిన కాగితం సారు బల్ల మీదే ఉంది. సంతకం కాలేదు.”

“ఇక దేన్నీ ముట్టుకోకు,” అని మేస్త్రి మెట్లెక్కాడు. ఐదంతస్తులు. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. నాలుగో అంతస్తుకే కళ్లు బైర్లు కమ్మాయి. డాబా మీద మెషీన్ రూము తలుపు తీసేసరికి నాలుగూ ఇరవై ఏడు. బావమరిది మూడో అంతస్తులో తలుపు దగ్గర ఆగాలి. ఆగకుండా వెంటే వచ్చాడు. వచ్చి గది తలుపు దగ్గరగా వేసి దానికి వీపు ఆనించాడు.

“బావా, అరగంట. ఏదో పార్టు కావాలి, తెప్పిస్తున్నాం అందాం. ఈ బిల్డింగులో లిఫ్టు గురించి తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఎవడడుగుతాడు?”

“మనిషి చీకట్లో ఉన్నాడురా.”

“అరగంట చీకట్లో ఉంటే ఎవడూ చావడు. మన హాలు మాత్రం చస్తుంది. దేవుడు వేసిన తాళం తియ్యడానికి నువ్వెవరివి?”

“దేవుడు వెయ్యలేదు. నేను వేశాను.”

మూడో అంతస్తు సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. బావమరిది నోరు తెరిచాడు. తర్వాత ఆ నోరే చెవులదాకా సాగింది.

“ఇంకేం మరి! నీ మతిమరుపుని కూడా వాడుకున్నాడు దేవుడు!”

“మతిమరుపు కాదు. తెలిసే వదిలేశాను.”

“అయితే నీ సోమరితనాన్ని వాడుకున్నాడు. ఆయనకేం, దేన్నైనా వాడుకుంటాడు.”

మేస్త్రి వెనక్కి తిరిగాడు. ఎదురుగా మోటారు, దాని మీద బిగుసుకున్న బ్రేకు, పక్కన గోడకి వేలాడుతున్న ఇనప లీవరు. దాన్ని బ్రేకుకి తగిలించి లాగితే కేబిన్ కదులుతుంది. లాగకపోతే ఐదంతస్తుల భవనంలో ఎంతమంది ఆఫీసర్లు అరిచి గీపెట్టినా అంగుళం జరగదు. నా చెయ్యి పడనిదే ఇది కదలదు, అనుకున్నాడు.

అనుకోగానే ఒళ్లు జలదరించింది. ఆ మాట ఎక్కడో విన్నాడు. రెండు గంటలు నిలబడి మరీ విన్నాడు. అదే మాట ఇప్పుడు తన బుర్రలో తిరుగుతోంది. పైగా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, తియ్యగా ఉంది.

“ఎవరక్కడ?”

గొంతు నేలలోంచి వచ్చింది. ఇనప తాళ్లు కిందికి దిగే కన్నాల్లోంచి. మేస్త్రి గబుక్కున మోకాళ్ల మీద కూలబడి కన్నం దగ్గర నోరు పెట్టాడు.

“మేస్త్రినండి. లిఫ్టు మేస్త్రిని.”

“ఎంతసేపయ్యా? గుడ్డి గాడిదలు! నీ కాంట్రాక్టు పీకిస్తాను! ఒక్కొక్కడి అంతూ చూస్తాను!”

ఆ తర్వాత ఊపిరి ఒక్కటే వినపడుతోంది. పొట్టిగా, తొందర తొందరగా.

“మేస్త్రీ... ఉన్నావా?”

“ఉన్నానండి.”

“తాడు తెగుతుందా?”

“తెగదండి. నాలుగు తాళ్లున్నాయి. ఒక్కటున్నా ఆగుతుంది.”

“ఇందాక పైన ఏదో కిర్రుమంది.”

“తలుపండి. మా వాడు ఆనుకున్నాడు.”

“నాకు మూసిన గదులు పడవు. చిన్నప్పటి నుంచీ. ఎవరికీ చెప్పకు.”

“చెప్పనండి.”

మళ్లీ ఊపిరి. ఉన్నట్టుండి ఆ ఊపిరి కూడా ఆగింది.

“నీ గొంతు... నువ్వు ఆ హాలు వాళ్లలో ఒకడివి కదూ?”

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. “అవునండి.”

కిందనుంచి మళ్లీ మాట వచ్చేసరికి ఆ గొంతులో కమిషనర్ లేడు.

“సంతకం పెట్టను. ఫైలు తిప్పి పంపేస్తాను. నా పిల్లల మీద ఒట్టు. నన్ను బయటికి తియ్యి.”

బావమరిది రెండు పిడికిళ్లూ గాల్లోకి ఎత్తాడు. ఒప్పుకో, ఒప్పుకో అని నోటితో శబ్దం లేకుండా అంటున్నాడు. ‘సరే’ అంటే చాలు. ఆ ఒక్క మాటతో పందొమ్మిదేళ్ల హాలు నిలబడుతుంది. భార్య మూడు రోజుల ఉపవాసం ఫలిస్తుంది. ఒక మనిషిని చీకట్లో పెట్టి పిండిన ఒట్టు అని ఎవరికీ తెలియదు.

మేస్త్రి నాలుక మీదకి ఆ మాట వచ్చింది కూడా. అక్కడే ఆగింది. ఇలా గెలిస్తే వచ్చే ఆదివారం ఆ హాల్లో నిలబడి ఎవర్ని స్తుతించాలి? ఈ బ్రేకు లీవరునా?

“సంతకం సంగతి మీ ఇష్టమండి,” అన్నాడు. “దానికీ దీనికీ ముడిపెట్టకండి. నేను చెప్పేది వినండి. తలుపుకి దూరంగా వెనక గోడకి ఆనుకోండి. కేబిన్ కదులుతుంది. పైకే వస్తుంది. భయపడకండి.”

బావమరిది తలుపు దగ్గరనుంచి కదల్లేదు. “అక్క నన్ను చంపేస్తుంది బావా.”

“అంతకంటే ముందు నేను చంపుతాను. మూడో అంతస్తుకి దిగు.”

ఫోను చెవికి తగిలించుకుని మేస్త్రి లీవరు బ్రేకుకి బిగించాడు. ఒక్కడే మనిషి ఉన్న కేబిన్ బ్రేకు వదిలితే కిందికి పడదు. అవతల వేలాడే ఇనప దిమ్మల బరువెక్కువ కాబట్టి పైకి పోతుంది. అతని భార్య దించమని ప్రార్థించింది. ఈ మిషనేమో ఎక్కించడానికే చూస్తోంది.

లీవరు లాగి వదిలాడు. తాళ్లు జానెడు జరిగాయి. కింద ఒక కేక.

“ఏం లేదండి! వస్తున్నారు! వస్తున్నారు!”

మళ్లీ లాగి వదిలాడు. ఒక్కో అంతస్తుకీ తాళ్ల మీద పసుపు రంగు గుర్తులుంటాయి. మూడో అంతస్తు గుర్తు నెమ్మదిగా దగ్గరికొస్తోంది. ఇంకో మూర. ఇంకో జానెడు. ఆకలికి అంచనా తప్పి లీవరు ఒక్క లిప్త ఎక్కువసేపు లాగాడు. తాళ్లు సర్రున పరుగెత్తాయి. గుర్తు దాటిపోయింది. మేస్త్రి లీవరు వదిలేశాడు. ధన్‌మని బ్రేకు పడింది.

“ఎంతెక్కిందిరా?” అని ఫోనులో అరిచాడు.

“జానెడు బావా. పర్లేదు. తలుపు తీస్తున్నా.” కొంచెం ఆగి, “వచ్చాడు,” అన్నాడు బావమరిది. ఆ గొంతులో సంతోషం లేదు.

నాలుగూ ముప్పై తొమ్మిది.

మేస్త్రి దిగేసరికి కమిషనర్ మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాలరు తడిసి మెడకి అంటుకుంది. అటెండరు ఇచ్చిన గ్లాసులో నీళ్లు సగం చొక్కా మీదే పోశాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

“టైమెంత?”

మొదటి మాట అదే. అటెండరు చెప్పాడు. కమిషనర్ కమ్మీ పట్టుకుని లేచి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్లిపోయాడు.

“చూశావా?” అన్నాడు బావమరిది పళ్లు కొరుకుతూ. “ఒట్టు ఎక్కడ పోయింది? పిల్లల మీద వేశాడు కదా!”

“నేను తీసుకోలేదుగా.”

తలుపు కాంటాక్టు విప్పి చూశాడు. బొగ్గులా ఉంది. ఎమరీ కాగితంతో గీకితే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ పొద్దున ఉన్నాయి. రిజిస్టరు తెరిచి ‘కారణం’ అన్న గడి దగ్గర కలం పెట్టాడు.

“కరెంటు హెచ్చుతగ్గులు అని రాయి బావా. అందరూ అదే రాస్తారు.”

మేస్త్రి రాశాడు. ‘మూడో అంతస్తు కాంటాక్టు పొద్దున చూడలేదు. చూసినట్టు రాశాను. తప్పు నాది.’ సిరా ఆరకముందే మెట్ల పైనుంచి అటెండరు కేక వేశాడు.

“మేస్త్రీ, సారు రమ్మంటున్నారు. రిజిస్టరు తెమ్మన్నారు.”

కమిషనర్ గదిలో అలమరాలు ఖాళీ అయ్యాయి. బల్ల మీద ఒకే ఒక్క ఫైలు. గోడ గడియారంలో నాలుగూ యాభై. కమిషనర్ రిజిస్టరు చదివాడు. పొద్దుటి వాక్యం, సాయంత్రం వాక్యం. మళ్లీ పొద్దుటిది.

“నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు.”

“అవునండి.”

“నన్ను ఐదింటిదాకా లోపలే ఉంచి ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు.”

“ఉంచుదామనే అనుకున్నానండి.”

“మరి?”

“మిమ్మల్ని ఆపే పని నాది కాదండి.”

“ఎవరిది?”

నలభై మంది మధ్య అయితే ఈ మాట ఎంత గట్టిగానైనా అనొచ్చు. ఇక్కడ ఒక్కడే ఉన్నాడు.

“మీకా కుర్చీ ఇచ్చినవాడిదండి. ఐదింటికి తీసుకునేవాడిదీ.”

“నన్ను బదిలీ చేసింది ప్రభుత్వం.”

“ప్రభుత్వాన్నీ ఎవరో ఒకరు కూర్చోబెట్టారు కదండీ. లేవమన్ననాడు వాళ్లూ లేవాల్సిందే.”

కమిషనర్ గడియారం చూశాడు. ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. కలం మూత తీశాడు. మేస్త్రి కలం వైపే చూశాడు. ఇప్పుడైనా ఏదో జరుగుతుందని అతనిలో ఒక మూల ఆశ. సిరా అయిపోవచ్చు. ఫోను మోగవచ్చు. ఏమీ జరగలేదు. కలం బరబర నడిచింది. కింద తేదీ, టైము కూడా పడ్డాయి. నాలుగూ యాభై రెండు.

“ఇప్పుడేమంటావు మీవాడి గురించి?”

తడి ఆరని సంతకం మెరుస్తోంది. మేస్త్రి కుర్చీ అంచు పట్టుకున్నాడు.

“అదే మాటండి,” అన్నాడు.

కమిషనర్ కలానికి మూత పెట్టబోయాడు. మూత జారింది. మళ్లీ పెట్టాడు. “వెళ్లు,” అన్నాడు తలెత్తకుండా. రిజిస్టరు మాత్రం తిరిగివ్వలేదు.

హాలు దగ్గరికి చేరేసరికి ఐదూ పది. పాట వీధిలోకి వినపడుతోంది. ఐదు దాటింది కాబట్టి గెలిచామనుకుంటున్నారు. స్కూటరు దిగి బావమరిది బయటే నిలబడిపోయాడు. “నువ్వే చెప్పు బావా. నావల్ల కాదు.”

మేస్త్రిని చూడగానే పాట ఇంకా పెరిగింది. చెయ్యెత్తి ఆపాడు.

“సంతకం పడింది. నాలుగూ యాభై రెండుకి.”

ఎవరికీ అర్థం కాలేదు. “అతను లిఫ్టులో ఉన్నాడుగా బ్రదర్?” అన్నాడు లెక్కల మాస్టారు.

“నేనే బయటికి తీశాను మాస్టారూ. అది ఆగిందీ నావల్లే.” మొత్తం చెప్పాడు. వదిలేసిన కాంటాక్టు, రిజిస్టరులో అబద్ధపు సంతకం, లీవరు దగ్గర తను అనుకున్న మాట. ఒట్టు సంగతి చెప్పలేదు. అది చీకట్లో విన్నది.

“చేతికందింది కాలదన్నావు,” అన్నారెవరో వెనకనుంచి. మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఇద్దరు ముగ్గురు లేచి బయటికి వెళ్లిపోయారు. మేస్త్రి భార్య మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

“మూడు రోజులు ఉపవాసం ఉన్నానండి నేను,” అంది. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది. “మరి మా ప్రార్థన ఏమైనట్టు అయ్యగారూ?”

“నాకు తెలియదమ్మా,” అన్నాడాయన. “ఎవరి చెయ్యి ఎప్పుడు ఆపాలో మనమే నిర్ణయించేసి ఆయనకి చెప్పాం. నేనూ ఆమెన్ అన్నాను.”

ఆమె భర్త వైపు తిరిగింది.

“ఎంతసేపున్నాడు లోపల?”

“ముప్పై నాలుగు నిమిషాలు.”

“లైటు లేకుండానా?”

“లేకుండానే.”

“భయపడ్డాడా?”

‘ఎవరికీ చెప్పకు’ అన్న గొంతు మేస్త్రికి గుర్తొచ్చింది. ఆమె అతని ముఖంలోకి చూసింది. చూస్తూనే ఉంది. మూడు రోజులుగా ఆ మనిషికి జరగాలని ఆమె అడిగినవన్నీ అక్కడ చదువుతున్నట్టు చూసింది. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

“రేపు పదింటికి తాళమేస్తారు,” అన్నాడు అయ్యగారు. “సామాను బయట పెట్టుకోవాలి.”

“ఎక్కడ పెడతాం?” అన్నారెవరో.

మేస్త్రి భార్య వెళ్లి ముందు వరస బెంచీ ఒక కొస పైకెత్తింది. బరువుకి నడుం వంగింది.

“చూస్తారేం?” అంది భర్తతో కోపంగా. “ఆ కొస పట్టుకోండి.”